ప్రహ్లాదుని తీర్పు



ధర్మం ఎరుగనివానికి ధర్మం చెప్పడం సులభం. ఎరిగియుండి మమకారంచేత కదలలేనివానికి చెప్పడం మిక్కిలి కష్టం. ఉద్యోగపర్వంలో విదురునకు ప్రాప్తించిన పని అదే. పాండవుల వద్దనుండి వచ్చిన సంజయుడు రాజును నిందించి, సందేశం రేపు సభలో వినిపిస్తానని వెళ్లిపోయాడు. ధృతరాష్ట్రునకు నిద్ర పట్టక విదురుని పిలిపించుకున్నాడు. విదురనీతి ఎనిమిది అధ్యాయాలూ ఆ రాత్రి చెప్పినవే. వాటిని సుభాషితాలుగా కంఠస్థం చేస్తాము గాని, ఎదుట కూర్చున్నది ఒక తండ్రి అన్నమాట మరచిపోతాము.

అందుకే విదురుడు ఆ తండ్రికి మరొక తండ్రి కథ చెప్పాడు. కేశిని అనే కన్య నిమిత్తం విరోచనునికీ, అంగిరసుని పుత్రుడైన సుధన్వునికీ ఎవరు శ్రేష్ఠులన్న వాదం వచ్చింది. ప్రాణాలే పణం. తీర్పరి విరోచనుని తండ్రియైన ప్రహ్లాదుడు! ఒకవైపు ఒక్కగానొక్క కొడుకు, మరొకవైపు బ్రాహ్మణుడు, నావంటివాడు ఎట్లా చెప్పగలడని ఆయన తన పక్షపాతాన్ని దాచక ముందే బయటపెట్టాడు. అబద్ధపు తీర్పరికి కలిగే గతి ఏమిటో అడిగి తెలుసుకుని, సుధన్వుడే శ్రేష్ఠుడన్నాడు. ఆ తరువాతనే తండ్రిగా కొడుకు ప్రాణం యాచించాడు. సుధన్వుడు సంతోషించి ఇచ్చాడు. ప్రహ్లాదునికి ప్రేమ లేదా? ఉన్నది. తీర్పు ముందు, ప్రేమ తరువాత. అంతే భేదం.

ధృతరాష్ట్రుడు అంతా విని, నీ మాట నిజమే, నా బుద్ధి పాండవులయందే ఉంటుంది, దుర్యోధనుని కలియగానే తిరిగిపోతుంది అన్నాడు. ఆపైన భారం దైవంమీద వేశాడు.

ఆయనను నిందించడానికి మాకు నోరు రాదు. చాలా ఏండ్ల క్రిందట ఒక గ్రామంలో అన్నదమ్ముల పంపకాలకు మమ్ము పెద్దరికానికి పిలిచారు. మా బస, భోజనం అన్నగారింట. తమ్మునికి భరతుని త్యాగం గంటసేపు చెప్పి, కంట తడి పెట్టించి, కాలువ క్రింది పొలం అన్నకు వదలునట్లు ఒప్పించాము. ఆ రాత్రి మా సహధర్మచారిణి, "ఆ కథ అన్నగారికి ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగింది. సమాధానం తోచలేదు. తెల్లవారి తమ్ముని ఇంటికి పోయి మా దోషం ఒప్పుకున్నాము. అతడు మంచినీళ్లిచ్చి, "మాట ఇచ్చేశాను గదా స్వామీ" అన్నాడు. పొలం తిరిగి రాలేదు.

సంజయుడు ధర్మరాజునకు చెప్పినదీ ఇటువంటిదే. యుద్ధంతో రాజ్యం పొందడంకంటె అంధకవృష్ణుల రాజ్యంలో భిక్షమెత్తి బ్రతకడం మేలన్నాడు. అది పోగొట్టుకున్నవానికి చేసిన త్యాగబోధ. దానికి శ్రీకృష్ణపరమాత్మ ఇచ్చిన సమాధానం రేపటి సాయంకాలం విన్నవించుకుంటాము.