సైకిలు యాత్రకు కుక్క తోడు
(కొడలలో జరిగిన మన సంఘ సాధారణ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేటి సభ యెదుటనున్న విషయము చూచుటకు చిన్నది. మన కుటుంబములకు చెందిన యువకులు అయిదుగురు, రానున్న మార్గశిరమాసమున కొడల నుండి శ్రీకాకుళము వరకు సైకిళ్ళపై యాత్ర చేయ సంకల్పించినారు. దారిలోని గ్రామములలో ఆగి, చెట్టును, నీటిని, నేలను పాడుచేయని బ్రతుకుతెరువును గూర్చి ఒడియాలోను, తెలుగులోను జనులతో మాటలాడవలెనని వారి కోరిక. బజారువీధిలో వారి చేతి అన్నము తిని పెరిగిన మోతీ అను కుక్కను గూడ వెంటబెట్టుకొని పోదురట. వారికి సంఘము పేరిట ఒక పరిచయపత్రమును, దారిఖర్చులకు కొంత సొమ్మును ఈయవలెనా, వలదా అనునదే ప్రశ్న.

గత సమావేశమున దీనిపై చర్చ కొంత వేడిగానే సాగినది. “కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లున్నది” అని ఒక పెద్దలు సెలవిచ్చినారు. సభ నవ్వినది, మేమును నవ్వితిమి. కాని ఆ నవ్వు వెనుక మూడు ఆక్షేపణలు కలవు. సైకిలుపై తిరిగినంత మాత్రమున ఎవరి నడవడి మారును? ఇది మొదటిది. ఈ పనికి కుక్క యెందులకు? ఇది రెండవది. ప్లాస్టిక్ సంచులలో సరకు కట్టియిచ్చు వర్తకుల బిడ్డలు ఊరివారికి హితవు చెప్పబోయిన విను వారెవ్వరు? ఇది మూడవది, మా వంటి వర్తకులకు సూటిగా తగులునది. ఈ మూడింటికిని మాకు తోచిన సమాధానములను మనవి చేసెదము.

మొదట సైకిలు మాట. సైకిలుపై మనుష్యుడు ఎంత దూరమైనను పోగలడనుటకు నిదర్శనము మన దేశమునందే కలదు. 1923 అక్టోబరు 15వ తేదీన బొంబాయి నుండి ఆరుగురు పారసీక యువకులు భూప్రదక్షిణమునకు బయలుదేరినారు. వారిలో ముగ్గురు 1928 మార్చిలో, ఇంచుమించు 71,000 కిలోమీటర్లు తొక్కి, ఇల్లు చేరినారు. వారు లోకమును చూడబోయిన వారు. సైకిలును లోకహితమునకు వాడిన వారిని చూడవలెనన్న మన తెలుగునాటనే చూడవచ్చును. ఖమ్మము సమీపమున రెడ్డిపల్లి గ్రామవాసియైన దరిపల్లి రామయ్యగారిని ఎరుగని తెలుగువారు అరుదు. జనులు ఆయనను వనజీవి అని పిలిచినారు. ఆయన పాతసైకిలుపై మొక్కలు, జేబులలో విత్తనములు, మెడలో వృక్షరక్షణను బోధించు పలక ధరించి దశాబ్దముల తరబడి తిరిగినారు. ఆయన నాటిన మొక్కలు కోటికి పైబడినవని చెప్పుదురు. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. 2025 ఏప్రిల్ 12వ తేదీన ఆయన పరమపదించినారు. ఆయన వద్ద పెద్ద చదువు లేదు, ధనము లేదు. ఆ సైకిలు ఆగినచోటనెల్ల నలుగురు మూగి, ఇది యేమని అడిగినారు. కారులో పోవు పెద్దమనిషిని ఆపి ఎవరును ఆ విధముగా అడుగరు.

అమెరికాలో రాబ్ గ్రీన్‌ఫీల్డ్ అను యువకుడు 2013లో వెదురుతో చేసిన సైకిలుపై ఆ దేశమును అడ్డముగా దాటినాడు. 104 దినములలో ఇంచుమించు 7,500 కిలోమీటర్లు పోయినాడు. తానెంత నీరు వాడినది, ఎంత చెత్త పారవేసినది దినదినము లెక్క వ్రాసికొనినాడు. మన వర్తకులకు ఈ పద్ధతి బాగుగ తెలియును. చిట్టా వ్రాయనిదే నష్టము కంటికి కనబడదు. మన యువకులును తమ వెంట ఒక చిట్టాపుస్తకమును ఉంచుకొనవలెనని మా సూచన.

చిట్టా అంటిమి గనుక ఒక చిన్న లెక్క చెప్పెదము. ఇంటి నుండి దుకాణమునకు 2 కిలోమీటర్ల దూరమనుకొనుడు. మోటారుసైకిలుపై దినమునకు ఒకసారి పోయి వచ్చినచో 4 కిలోమీటర్లు. సంవత్సరమునకు 300 పనిదినములకు 1,200 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున 24 లీటర్ల పెట్రోలు. లీటరు పెట్రోలు మండిన 2 కిలోల 300 గ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మొత్తము 55 కిలోలు. ఇది ఒక్క మనిషి లెక్క. ఈ దూరమునకు సైకిలు వాడినచో పెట్రోలు సొమ్ము మిగులును, దేహమునకు వ్యాయామము లభించును. దూరపు సంతకు బండి వలదని మేము చెప్పుట లేదు. పాలపొట్లమునకు బండి యెందులకని మాత్రమే అడుగుచున్నాము.

అయితే మన యువకులు బోధకులుగా కాక విద్యార్థులుగా పోవలెనని మా కోరిక. ఏలయన, వారు పోవు దారిలో వారికంటె ముందే ఈ పని చేయుచున్న పల్లెలు కలవు. మన గంజాం జిల్లాలోనే భేట్నై ప్రాంతపు రైతులు కృష్ణజింకలు తమ పైరు మేసినను వాటిని కొట్టరు. జింక కనబడిన చేను పండునని, వానలు కురియునని వారి నమ్మకము. ఋషికుల్యా నది సముద్రమున కలియు చోట అనేక సంవత్సరములలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల సంఖ్యలో వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క తాబేలు ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టును. అచ్చటి మత్స్యకారుల బిడ్డలే రాత్రులు మేల్కొని వాటికి కాపుండుచున్నారు. ఇచ్ఛాపురము దాటి, పలాస దాటి, టెక్కలి చేరువలో తేలినీలాపురమను పల్లె కలదు. అచ్చటి చింతచెట్లపై శీతకాలమున గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొనును. అవి రానియేడు అరిష్టమని ఆ గ్రామస్థులు తలంతురు. ఈ మూడుచోట్లను పేదలే కాపరులు. వారియొద్ద కూర్చుండి, వారేమి నష్టపడి ఈ పని చేయుచున్నారో మనవారు విని రావలెను.

చెట్టు విలువ మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి పైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినపుడు ఈ జిల్లాలో ఎన్ని చెట్లు కూలినవో మనమందరము చూచితిమి. తెల్లవారుసరికి బాటలు లేవు, నీడ లేదు. గంజాం పేరును దేశమంతట నిలిపిన మొగలిపొదలును దెబ్బతినినవి. 2018లో తిత్లీ తుపాను పలాస వైపు అదే గతి పట్టించినది. గాలి ఒక్క రాత్రిలో కూల్చినది మరల నిలుచుటకు ఒక తరము పట్టును. మరియొక మాట. మార్గశిరమున మొక్కలు నాటిన అవి వేసవికి మాడిపోవును. గాన ఈ యాత్రలో మొక్కల పంపిణీ ఆర్భాటము వలదు. దారిలో వేప, కానుగ, నేరేడు వంటి చెట్లు ఎచ్చటెచ్చట ఉన్నవో గుర్తించి వచ్చి, కాలమున విత్తనములు సేకరించి, ఆషాఢములో మన ఊరనే నాటవలెను. నాటుట ఒక పూట పని. మూడు వేసవులు నీరు పోయుట అసలు పని.

ఇక కుక్క మాట. ధర్మరాజు మహాప్రస్థానమున తోబుట్టువులు, ఇల్లాలు ఒక్కొక్కరే నేలకొరగగా చివరివరకు వెంట నడచినది కుక్కయే. దానిని విడిచి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను ఆయన ఒల్లడాయెను. తిక్కన సోమయాజి భారతమును ఇంట నుంచుకొను మనకు, యాత్రలో కుక్క తోడు వింత కానేరదు. ఇటీవలి నిదర్శనము కావలెనన్న, స్కాట్లండుకు చెందిన ఇష్‌బెల్ హోమ్స్ అను మహిళ టర్కీ దేశమున సైకిలుపై పోవుచుండగా ఒక వీధికుక్క ఆమె వెంటపడినది. ఆమె దానిని విడువజాలక తోడుగొని పోయినది. ఆ వృత్తాంతమును ఆమె 2018లో పుస్తకముగా వెలువరించినది. కుక్కను చూచిన పిల్లలు దగ్గరకు వత్తురు. పిల్లల వెనుక తల్లులు వత్తురు. మాట అచ్చట మొదలగును. కుక్క చేయు ఉపకారము ఇది.

కాని కుక్కకు మన వలన అపకారము జరుగరాదు. అందులకై కొన్ని నియమములు పెట్టనిదే అనుమతి ఈయరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. కుక్క సైకిలు వెంట దినమంతయు పరుగెత్తజాలదు. దానికి మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దాని చల్లదనము. గాన సైకిలు వెనుక నీడగల చిన్నబండి కట్టి అందులో కూర్చుండబెట్టవలెను. ఉదయమున, సాయంకాలమున మాత్రమే కొంతదూరము నడిపింపవలెను. చేతివెనుకభాగమును తారురోడ్డుపై అయిదు సెకండ్లు ఉంచలేనిచో కుక్క పాదములును ఓర్వలేవని గ్రహింపవలెను. నీరు తరచుగ ఈయవలెను. ఉల్లిపాయ కలిసిన కూర పెట్టరాదు. అది కుక్కలకు విషమువంటిది. బయలుదేరుటకు నెలముందే పశువైద్యునిచే పిచ్చికుక్కవ్యాధి టీకా వేయించి, కాగితము దగ్గర ఉంచుకొనవలెను. దారిలో ఏ కుక్కయైన ఎవరినైన కరచినచో గాయమును సబ్బుతో ధారనీట 15 నిమిషములు కడిగి, తక్షణము ఆసుపత్రికి పోవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము వేరొకటి కలదు. తాబేళ్ళ గ్రుడ్లను త్రవ్వి తినుటలో ఊరకుక్కలది పెద్ద చేయి. కృష్ణజింక పిల్లలకును కుక్కలే శత్రువులు. గాన ఋషికుల్యా తీరమున, భేట్నై పొలములలో, తేలినీలాపురమున మోతీని బండి దింపరాదు. ఊరివెలుపల ఒకరు కాపుండి కట్టియుంచవలెను. మనము ఈ గడ్డపై తరతరములుగా ఉన్నవారము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనపుడు మన తాతలు ఇచ్చటనే నిలిచిపోయినారు. ఇరుగుపొరుగు ఒడియా సోదరులు మనలను ఆదరించినారు. మనవారి కుక్క ఒక్క తాబేటిగూడు చెరచినచో, “ఫలానివాని కుక్క” అని అనరు. “తెలుగువారి కుక్క” అందురు. కొద్దిమందిగా ఉన్నవారికి ఒకని పొరపాటు పదిమందికి అంటును. ఒకని మంచియు అట్లే అంటును. యువకులు ఈ బరువును ఎరిగి నడువవలెను.

మూడవ ఆక్షేపణ అతి కఠినమైనది, న్యాయమైనదియును. దినమునకు నూరుగురు కొనుగోలుదారులు వచ్చు దుకాణమున ఒక్కొక్కరికి ఒక్క సంచి ఇచ్చినను సంవత్సరమునకు 30,000 సంచులు. అవి కాలువలలో, చెరువులలో, ఆవుల కడుపులలో చేరుచున్నవి. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు నిషిద్ధములైనవి. అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తక్కువ మందముగల సంచులును నిషిద్ధములైనవి. చట్టము ఉన్నది, దానికి ప్రాణము పోయవలసినది గల్లాపెట్టె వద్ద కూర్చున్న మనమే.

“సంచి ఈయనిచో బేరము ప్రక్కదుకాణమునకు పోవును” అని తోటివర్తకులు చెప్పుదురు. అది నిజమే. ఒక్క దుకాణము మానినచో ఆ దుకాణమే నష్టపడును. అన్నియు ఒక్కమారు మానినచో ఎవరికిని నష్టము లేదు, సంచుల ఖర్చు అందరికిని మిగులును. అందులకే దీనిని సంఘమున పెట్టుచున్నాము. మన ఇండ్లలో కుట్టుమిషనులు కలవు, పాతచీరెలు కలవు. గుడ్డసంచికి అయిదో పదో రూపాయలు బయానాగా పుచ్చుకొని, తిరిగి తెచ్చినపుడు సొమ్ము వాపసు ఈయవచ్చును. పెండ్లిళ్ళలో, సంతర్పణలలో మన పెద్దలు అడ్డాకు విస్తళ్ళలో వడ్డించెడివారు. ఒడియాలో ఆ తీగనే సియాళి అందురు. ఆ విస్తళ్ళను కుట్టు గిరిజన స్త్రీలకు కూలి దొరకును, విస్తరి మట్టిలో కలియును. ఇందులో కొత్త యేమియు లేదు. మానిన అలవాటును మరల పట్టుటయే.

కావున సభవారి యెదుట మూడంశముల తీర్మానమును ఉంచుచున్నాము. యాత్రకు సంఘము పరిచయపత్రమును, దారిఖర్చును ఈయవలెను. కుక్కను గూర్చిన నియమములను యువకులు వ్రాతపూర్వకముగ అంగీకరింపవలెను. వారు బయలుదేరు దినమునకు పదునైదు దినముల ముందే, మన సంఘసభ్యుల దుకాణములన్నిటను పలుచని ప్లాస్టిక్ సంచి నిలిచిపోవలెను. మూడవది నెరవేరనిచో మొదటిదియు రద్దు కావలెను. యువకులు ఈ షరతునకు ఒప్పుకొనినారు. ఇక ఒప్పుకొనవలసినవారు ఈ ముందువరుసలో కూర్చున్న వర్తకులము మనము. మా దుకాణము పేరు మొదటి గీతపై మేమే వ్రాసి ఈ కాగితమును బల్లపై ఉంచుచున్నాము. దాని క్రింద గీతలు చాల ఉన్నవి. సభ ముగియుటకు ముందు కలము చేతులు మారవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.