నడిదారిలో విడిచిన కథ

(వాషర్‌మెన్‌పేట్ సమావేశమునందు చేసిన ప్రసంగము)



2021లో వెలువడిన ‘స్క్విడ్ గేమ్’ అను కొరియా ధారావాహికను మా యింటి పెద్దలమెల్లరము మెచ్చితిమి. అందు 456 మందిని మృత్యుక్రీడకు ఈడ్చినది అప్పు. అప్పుబాధ యెరుగని పేట కలదా? గోలీలాటలో మిత్రుని వంచించి ప్రాణము దక్కించుకొను ఘట్టమున కంటతడి పెట్టితిమి.

2024 డిసెంబరు 26న రెండవ భాగము తెలుగు మాటలతోను వచ్చినది. మన అచ్చనగాయలను, బొంగరమును పోలిన ఆటలును అందు గలవు. తమిళమున చదువుకొని, తెలుగును చెవితో మాత్రమే యెరిగిన మా మనుమడు, కళాశాల విద్యార్థి, నా ప్రక్కనే కూర్చుండి ప్రతి మాటయు గ్రహించెను. నాకు కలిగిన ఆనందము చెప్పనలవి కాదు.

కాని మొదటి భాగమున మనుష్యులను జూచితిమి. ఇందు అంకెలను మాత్రమే జూచితిమి. ఏడవ ప్రకరణమున తిరుగుబాటు విఫలము కాగానే కథ నిలిచిపోయినది. “ఇంతేనా, తాతయ్యా?” అని వాడడిగెను. తక్కిన ఆరు ప్రకరణములకు 2025 జూన్ 27 వరకు వేచియుండవలసి వచ్చినది. అప్పటికి వాని ఉత్సాహము చల్లారినది.

కథకు భాష యొక్కటే చాలదు. చెప్పబూనినది తుదముట్ట చెప్పవలెను. మన బిడ్డలు తెలుగునకు చెవియొగ్గియున్నారు. ఇంటింట ఒక పూర్తి కథ చెప్పు భారము పెద్దలమైన మనది.