కల్యాణవేదికకు పూలబాట



లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ ప్రాంతములలో పెండ్లిండ్లకు ఆశీర్వచనమునకై వెళ్లినపుడు ఒక క్రొత్త వేడుకను చూచుచున్నాము. ద్వారము మొదలు వేదిక వరకు గులాబిరేకులు, బంతిపూలు పరచి వాటిపై వధువును నడిపించుచున్నారు. "అయ్యగారూ, ఇది శాస్త్రమేనా?" అని పెద్దలు మమ్మడుగుచున్నారు.

మామిడి తోరణము, అరటిబోదెలు, గుంజలకు చుట్టిన బంతిదండలు లేని పందిరిని మనము ఊహింపజాలము. కాని మన ఆచారమున వధువు నడచి వచ్చుట అరుదు. గౌరీపూజ ముగించిన కన్యను వెదురుగంపలో కూర్చుండబెట్టి మేనమామ తెచ్చుట నేటికిని చాల ఇండ్లలో కలదు. వేదికకు బాట తీర్చుట చర్చిలలో జరుగు వివాహములను చూచి నేర్చినది. పరాయిది గనుక వలదని మేమనము. మా అభ్యంతరము వేరు.

వరుని నారాయణస్వరూపునిగా తలచి కాళ్లు కడుగుదుము గదా, ఆ పాదముల క్రింద పూలుండిన దోషమేమని ఒక యువకుడు వాదించెను. తెలివైన ప్రశ్నయే! పాదములపై సమర్పించిన పువ్వు పూజ. ఆ బాటపై నడచువారు వధూవరులు మాత్రమే కారు. ఫోటోలు తీయువారు, బంధువులు, పిల్లలు చెప్పులతో త్రొక్కుచున్నారు. స్వామివారి నిర్మాల్యము కాలికి తగిలినచో కన్నుల కద్దుకొను మనకిది తగునా? తడిరేకులపై వృద్ధులు జారుటయు కలదు.

కావున పూలను ఇరువైపుల నిలుపుడు. ఇత్తడి పళ్లెములలో నీరు పోసి తేలవేయుడు. నడుమ బియ్యపుపిండి ముగ్గు చాలును. 2009లో మొజంజాహీ మార్కెట్టు ప్రాంతమునుండి గుడిమల్కాపూరునకు తరలిన పూలమార్కెట్టులో విడిపూలును, దండలును దొరకును. మన పాతబస్తీలో ముస్లిముల పెండ్లికి సెహ్రా గ్రుచ్చు చేతులే మన పెండ్లికి పూలజడయు కట్టుట కద్దు. ఆ పనివారికి నాలుగు రూపాయలు ఎక్కువ ముట్టిన మంచిదే. పూలు గుచ్చు పచ్చని నురుగు దిమ్మలు మాత్రము వలదు. అవి ప్లాస్టిక్కు జాతివి, మట్టిలో కలియవు. పెండ్లి ముగిసిన పిదప పూలను చెట్ల మొదట వేయుడు. మూసీలో పారవేయకుడు.

ఇంకొకటి. శాస్త్రము విధించిన నడక సప్తపది. అగ్నికి ఉత్తరమున ఏడడుగులు. నేడు వేదికపై పూలకుండలు, ఆసనములు నింపగా ఆ ఏడడుగులకే చోటు మిగులుట లేదు. పాపము, ఆ పిల్ల ఉన్నచోటనే పాదము కదపుచున్నది! అలంకరించువారికి పని అప్పగించునపుడు పురోహితుని కూడ పిలిచి, అగ్నికి ఉత్తరమున ఏడడుగుల చోటు కొలిపించి, అచ్చట ఏమియు పెట్టవలదని చెప్పుడు.