పాఠశాలలో పెద్దపీట

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో బడి ప్రస్తావన యేల యని మీరడుగవచ్చును. బడి లేనిదే చదువరులుండరు గదా! అణగద్రొక్కబడిన కులములలో జన్మించి, పాఠశాలలకు పెద్దలైన స్త్రీలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

1848లో పుణెలో బాలికల పాఠశాల తెరచునాటికి సావిత్రీబాయి ఫూలేగారికి 17 ఏండ్లు. శూద్రులుగా నెంచబడిన మాలీ కులమువారు. బడికి పోవు త్రోవలో వారిపై బురదయు పేడయు చల్లిరి. వారు వేరొక చీర వెంట గొనిపోయి, బడిలో మార్చుకొని పాఠములు చెప్పిరి.

మన తెలుగునాట ఈశ్వరీబాయిగారు 1918లో సికింద్రాబాదున దళిత కుటుంబమున జన్మించిరి. ఉపాధ్యాయినిగా పనిచేసి, గీతా విద్యాలయమును తామే స్థాపించిరి. 1967లోను, 1972లోను శాసనసభకు ఎన్నికైరి.

నేడు కాలము మారినది. 1995లో వచ్చిన 77వ రాజ్యాంగ సవరణ షెడ్యూల్డు కులములకును, తెగలకును పదోన్నతులలో రిజర్వేషనుకు వీలు కల్పించెను. అయితే ఉత్తరువు కుర్చీ నీయగలదు. గౌరవము నీయవలసినది ఊరు. ఆమె యెదుట నుండగనే "హెడ్మాస్టరుగారెక్కడ?" అని యడుగువారు కలరు. ఆమె సంతకము చేసిన కాగితమును మరియొక పురుషోపాధ్యాయునికి చూపి "సరియేనా?" అనువారు కలరు. అద్దె యింటికై వచ్చినచో చుట్టు త్రిప్పి కులము నడుగువారును కలరు.

నేను లెక్కలు వ్రాయువాడను. పురుషుడు తప్పు చేసిన, అది ఆతని పేరనే పడును. ఆమె తప్పు చేసిన, ఆమె కులమునకును, స్త్రీజాతికంతటికిని ఖర్చు వ్రాయుదురు. ఇది తప్పుడు పద్దు కాదా?

శాంతిపర్వమున సులభ యను సన్యాసిని వృత్తాంతము కలదు. జనక మహారాజు ఆమె స్త్రీత్వమును, కులమును ముందుంచి ఆక్షేపించెను. ఆమె చలింపక, మాటకుండవలసిన గుణములను మొదట వివరించి, పిదప అందరి దేహములును ఒకే తత్త్వములతో నేర్పడినవని నిరూపించెను. రాజు నిరుత్తరుడయ్యెను. మాటను తూచవలసినచోట మనిషి పుట్టుకను తూచుట ఎంత పాత దోషమో చూడుడు!

ఆ కుర్చీలో ఆమెను చూచి, వెనుక వరుసలోని పేదబాలిక తానును అంతవరకు పోగలనని తలంచును. ఆమెకు జరిగిన అవమానమును చూచిన, ఆ పాఠమును గూడ నేర్చుకొనును. కావున తల్లిదండ్రులారా, ఆమె సంతకమునకు రెండవ సాక్షి నడుగకుడు. మీ బిడ్డలు చూచుచున్నారు.

సెలవు.