కేసు పోయింది సరే, స్టేషన్‌లో షీటు పోయిందా?

(వీరులపాడులో విముక్త జాతుల దినం సందర్భంగా యువకుల సమావేశంలో మాట్లాడింది. రాతకి తగ్గట్టు కొంచెం సరిచేశాను.)

 

జుజ్జూరు నుంచి, పెద్దాపురం నుంచి, అల్లూరు నుంచి పని మానుకుని వచ్చారు. మిరప నాట్లు మొదలయ్యే రోజులు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చినోళ్లకి ఉపన్యాసం చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. అందుకే ఒక్క విషయమే మాట్లాడతా. మన పేరు మీద కోర్టు కాగితాల్లో, పోలీసు కాగితాల్లో ఏముందో ఎట్లా తెలుసుకోవాలి, తెలిశాక దాన్ని ఎట్లా వదిలించుకోవాలి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక్క ముక్కలో చెప్తా. మా చుట్టాల్లో ఒక తమ్ముడు కానిస్టేబుల్ పరీక్ష రాశాడు. పరుగు పాసయ్యాడు, రాతపరీక్ష పాసయ్యాడు. వెరిఫికేషన్‌లో ఆగిపోయాడు. పద్దెనిమిదేళ్లు దాటిన కొత్తలో ఊళ్లో జరిగిన ఒక కొట్లాట కేసులో అతని పేరు ఉంది. "రాజీ అయిపోయింది, పోయింది" అని ఊరి పెద్దమనిషి చెప్పాడు, వీళ్లు నమ్మారు. కోర్టులో మాత్రం ఆ కేసు అట్లాగే ఉంది. దాని మీద వారెంటు కూడా ఉంది. ఊళ్లో రాజీ అయితే కోర్టులో రాజీ అయినట్టు కాదు, ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

మన జాతులకి ఈ కాగితాల గొడవ కొత్తదేం కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. అప్పుడు మనదంతా మద్రాసు కిందే. మన ఎరుకల తాతలు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినోళ్లు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు విధానం మారింది, ఆ బేరం పోయింది. బేరం పోయి తిరుగుతున్నోళ్లని దొంగలని రాసుకున్నారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఇదంతా వివరంగా రాశారు, ఇంగ్లీషు చదివే తమ్ముళ్లు వెతుక్కుని చదవండి. విజయవాడకి కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం, బాపట్ల దగ్గర స్టువర్టుపురం, ఇవన్నీ అట్లా పెట్టిన సెటిల్‌మెంట్లే. సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికిచ్చారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి.

మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఈ రోజు పండగ. కానీ మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక 1962లో మనకీ ఒకటి చేసుకున్నారు. జాతి పేరు కొట్టేసి మనిషి పేరు రాశారు. ఏ మనిషి పేరు రాశారో మీకు తెలుసు. ఊళ్లో మోటారు పోతే, మేకపోతు పోతే, ముందు జీపు వచ్చేది మన గుడిసెల దగ్గరికే కదా.

సరే, విషయానికి వస్తా. మీ పేరు రెండు పుస్తకాల్లో ఉండొచ్చు. ఒకటి కోర్టు పుస్తకం, రెండోది స్టేషన్ పుస్తకం. కోర్టులో కేసు కొట్టేసినంత మాత్రాన స్టేషన్ పుస్తకంలో పేరు తనంతట తాను పోదు. మన దేశంలో పెద్దవాళ్ల పాత కేసులన్నీ తుడిచేసే చట్టం ఒక్కటీ లేదు. ఒక్కో కాగితాన్ని ఒక్కో దారిలో వదిలించుకోవాల్సిందే.

ముందు కోర్టు పుస్తకం. ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ వేసుకోండి, డబ్బులేం కట్టక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకోవాలి. ఎన్టీఆర్ జిల్లా కింద కనపడకపోతే కంగారు పడొద్దు, కృష్ణా జిల్లా కింద నందిగామ, జగ్గయ్యపేట కోర్టులు చూడండి. పత్తి తీతలకి, మిరప కోతలకి మధిర, ఖమ్మం వైపు పోయినప్పుడు అక్కడేదైనా జరిగి ఉంటే తెలంగాణ ఎంచుకుని మళ్లీ వెతకాలి. పేరుతో వెతకొచ్చు గానీ, మన పేర్లని ఇంగ్లీషులో ఒక్కో రైటర్ ఒక్కో రకంగా రాస్తాడు. వెంకటేశ్వర్లు అనే పేరుని ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కపెట్టండి. ఇంటిపేరు ఒకచోట ముందుంటది, ఒకచోట ఉండనే ఉండదు. కాబట్టి పేరుతో దొరకలేదని కేసు లేదనుకోకండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు తెలిస్తే దాంతో వెతకండి, అదే గట్టి దారి. ఎఫ్‌ఐఆర్‌లని 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, ఆడవాళ్ల మీద నేరాల్లాంటి సున్నితమైనవి తప్ప. నిందితుడు అడిగితే నకలు ఇవ్వాలని కూడా అదే తీర్పు. ఫోన్‌లో దొరకని పాతవాటికి కోర్టు ఆఫీసులో అడగాలి.

దొరికిందనుకోండి. "పెండింగ్" అని ఉండి, వారెంటు అని ఉంటే ఆ రోజే కదలండి. వారెంటుకి గడువు ఉండదు. కోర్టు రద్దు చేసేదాకానో, అమలయ్యేదాకానో అది బతికే ఉంటది. పదేళ్ల నాటి వారెంటు మీద పండగ రోజు అరెస్టు చేసినా చట్టప్రకారం తప్పు పట్టలేం. వకీలుతో కోర్టుకి మీ అంతట మీరు వెళ్లి వారెంటు రీకాల్ పిటిషన్ వేయండి. మనమే వచ్చి నిలబడితే జడ్జి చూసే తీరు వేరు, పట్టుకొచ్చి నిలబెడితే చూసే తీరు వేరు.

వకీలుకి డబ్బులెక్కడివి అంటారు. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్. నందిగామ కోర్టులో మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు పెట్టండి, కుల ధ్రువపత్రం పట్టుకెళ్లండి. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఉచిత వకీలు సరిగా చూడడని కొందరంటారు. కొందరు చూడరు, నిజమే. అట్లాంటప్పుడు మార్చమని రాసివ్వొచ్చు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, మనోళ్లు ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నాటుసారా కేసు, పేకాట కేసు, కోడిపందెం కేసు. "ఒప్పుకుని ఫైన్ కట్టేయ్, పని అయిపోద్ది" అంటారు. స్టేషన్‌లో అంటారు, ఒక్కోసారి మన వకీలే అంటాడు. రోజూ వాయిదాకి తిరగలేక తండా ఆడవాళ్లు కూడా సారా కేసులో సరేనంటారు. నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడినట్టే. మీ పేరు పక్కన దోషి అని రాస్తారు. అదే లోక్ అదాలత్‌లో, రాజీకి వీలున్న సెక్షన్ల కింద ఎదుటివాళ్లతో రాజీపడితే, చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టు. రెండూ ఒకే రోజు, ఒకే గదిలో జరగొచ్చు. బయటికొచ్చాక ఇద్దరూ "కేసు అయిపోయింది" అనే చెప్తారు. కాగితం మీద మాత్రం ఒకడు దోషి, ఇంకొకడు కాదు. సంతకం పెట్టేముందు "ఇది రాజీయా, ఒప్పుకోలా?" అని అడగండి. ఒప్పుకోలే తప్పదంటే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద వదిలేయమని అడిగించండి. దాని కింద వదిలితే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత వర్తించదని 12వ సెక్షన్‌లో ఉంది. జడ్జి ఇస్తాడా లేదా అన్నది కేసుని బట్టి. అడక్కపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు.

బైండోవర్ గురించి కూడా భయపడుతున్నారు. ఎన్నికల ముందు, జాతర ముందు తహసీల్దార్ దగ్గరికి తీసుకెళ్లి పూచీకత్తు రాయించుకుంటారు కదా, అది శిక్ష కాదు. శాంతిభద్రతల పేరుతో అయితే ఏడాదికి మించదు, అలవాటు నేరస్తుడని రాస్తే మూడేళ్లకి మించదు. ఏ సెక్షన్ కింద రాశారో నకలు తీసుకోండి. ఆ రెండో మాట రాస్తే ఊరుకోవద్దు.

ఇక స్టేషన్ పుస్తకం. సస్పెక్ట్ షీటు, రౌడీ షీటు, హిస్టరీ షీటు. ఇవి కోర్టు రాసేవి కావు, పోలీసులే తమ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం రాసుకునేవి. ఆ ఆర్డర్లలోనే ఒక మాట ఉంది. షీటు తెరిచిన ఏడాది డిసెంబర్ ఆఖరు వరకే, ఆపైన కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు ఉండాలి. మీ బాబాయి షీటు ఇరవయ్యేళ్లుగా ఉందంటే ఆ ఉత్తర్వులు ఏవి? సమాచార హక్కు చట్టం కింద అడగండి: నా మీద షీటు ఉందా, ఎప్పుడు తెరిచారు, కొనసాగింపు ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి. తెల్లకార్డు జతచేస్తే రుసుము ఉండదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఇవ్వం అని జవాబొచ్చినా దాచుకోండి, హైకోర్టుకి వెళ్తే అదే మన మొదటి కాగితం. ఆ తర్వాత షీటు మూసేయమని నందిగామ ఏసీపీకి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. అయిదేళ్లు కేసు లేకపోతే షీటు దానంతట అదే పోద్దని ఊళ్లో ప్రచారం ఉంది. పోదు. కేసులు లేకపోయినా కొనసాగించే వెసులుబాటు అదే ఆర్డర్లలో పెట్టుకున్నారు.

మన చేతిలో తీర్పులు ఉన్నాయి. ఒకటి రెండు కేసులున్నంత మాత్రాన అలవాటు నేరస్తుడైపోడని మన హైకోర్టు ఎప్పటినుంచో చెప్తోంది. 2022 జూలైలో ఒక జడ్జిగారు, చట్టం లేకుండా ఉత్త స్టాండింగ్ ఆర్డర్ల మీద రౌడీ షీట్లు పెట్టడం కుదరదన్నారు. ప్రభుత్వం అప్పీలుకి వెళ్లింది, కాబట్టి ఆ ఒక్క తీర్పు జేబులో పెట్టుకుని స్టేషన్‌కి పోకండి. 2024 మే 7న సుప్రీంకోర్టు ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ కేసులో ఇంకో మాట చెప్పింది. బలహీన వర్గాల వాళ్ల పేర్లు, ఎస్టీల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయంటున్నారని, అన్ని రాష్ట్రాలూ తమ నియమాలు చూసుకోవాలని. షీటు పోలీసుల లోపలి కాగితమే, బయటపెట్టేది కాదని కూడా. ఎమ్మెల్యే వేసుకున్న కేసులో మన సంగతి తేలింది, ఏం చేస్తాం. అదే ఏడాది అక్టోబర్ 3న, విలేకరి సుకన్యా శాంత వేసిన జైళ్ల కేసులో, విముక్త జాతుల వాళ్లని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా ఆ మార్గదర్శకాలు పాటించాలని పోలీసులకి ఆదేశం ఇచ్చింది. ఏసీపీకి ఇచ్చే దరఖాస్తులో ఈ రెండు తేదీలూ రాయండి.

పద్దెనిమిదేళ్ల లోపు జరిగిన కేసులకి వేరే లెక్క. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 24. ఆ కేసు వల్ల అనర్హత ఉండదు, అప్పీలు గడువు అయ్యాక రికార్డు కూడా ధ్వంసం చేయాలి, పదహారు దాటి ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లలా విచారించినవి తప్ప. ఇక్కడ మన గొడవ వయసు రుజువు. బడిలో వేసిన తేదీ కాగితం ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఉద్యోగం ఫారంలో "కేసులున్నాయా?" అని అడిగితే దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, నిజం చెప్పినా తీసుకోవాలా వద్దా అనేది యజమాని చూసుకోవచ్చు, కానీ చిన్న కేసైతే వదిలేయొచ్చు. దాస్తే మాత్రం ఆ దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావొచ్చు. కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీ ఫారంతో జతచేయండి. అసలు అబద్ధపు కేసైతే హైకోర్టులో క్వాష్ వేయించొచ్చు, కొత్త చట్టంలో 528 సెక్షన్. దానికీ ఉచిత సహాయం ఉంది.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఒకటుంది. ప్రజాప్రతినిధుల మీద కేసులు ఎత్తేస్తూ జీవోలు రావడం మనం చూశాం. సారా కాచిందని తండా ముసలామె మీద పెట్టిన కేసుకి అట్లాంటి జీవో ఎందుకు రాదు? వినతిపత్రం రాసి ఉంది, వెళ్లేముందు సంతకాలు పెట్టండి. వేలిముద్రైనా సరే.

వచ్చే ఆదివారం ఇక్కడే కూర్చుంటాం. ఆధార్, కుల ధ్రువపత్రం, ఇంట్లో దూలానికి చెక్కిన పాత సమన్లు, జరిమానా రసీదులు, ఏవి ఉంటే అవి పట్టుకురండి. ఎఫ్‌ఐఆర్ నంబరు తెలియనోళ్లు స్టేషన్ పేరు, ఏ ఏడాది, ఎవరితో గొడవ అయిందో చెప్తే చాలు, కలిసి వెతుకుదాం. ఇద్దరు తమ్ముళ్లు ల్యాప్‌టాప్‌లు తెస్తున్నారు. ఆడవాళ్ల కేసులు చూడ్డానికి మా అక్క కూర్చుంటది, మొహమాటపడకుండా రండి.