గోరికి కాలమ్ లేదు

దుఃఖం, ఆశ, విశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను, ఫైళ్లు రాసిన గుమాస్తాను. నాకు తెలిసిన ఒక్క సంగతి మనవి చేస్తాను.

కరీంనగర్ పక్కన మానేరు మీద దిగువ మానేరు డ్యాం కడుతున్న రోజులు. 1974లో మొదలైన పని 1985 దాకా సాగింది. నేను భూసేకరణ జాబితాలు రాసేవాణ్ణి. ఇల్లు, బావి, చింతచెట్టు, తాటిచెట్టు, దేని కాలమ్ దానికే. ఒకనాడు ఒక ముసలాయన వచ్చి, "సారూ, చెల్కల మా ఆమె గోరి ఉన్నది. గది ఏ కాలమ్ల రాస్తవ్?" అన్నాడు. "గోరికి కాలమ్ లేదు తాతా" అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. నేను ఇంకో పేరు పిలిచాను.

తరువాత ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అయింది. జైనూరు దగ్గరి మార్లవాయికి డ్యూటీ మీద వెళ్లాను. గోండుల మధ్య ఉండి పనిచేసిన హైమన్‌డార్ఫ్ దొర ఊరు అది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరిలో హైదరాబాదులో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. గోండులు ఏటా జనవరిలో వర్ధంతి చేస్తారు. రక్తసంబంధం లేనివాళ్లు! ఆ సమాధి ముందు నిలబడితే ముసలాయన గుర్తుకొచ్చాడు. అప్పుడు కూడా నాకు అంతగా తగల్లేదు, అబద్ధమెందుకు.

తరువాత నా వంతు వచ్చింది. మా ఊరు మధ్య మానేరు ముంపులో పోయింది. చెల్కలో వేపచెట్టు కింద నా భార్య గోరి. జాబితా రాసే పిల్లవాడు ఇల్లు కొలిచాడు, చెట్లు లెక్కపెట్టాడు. నేనేమీ అడగలేదు. జవాబు నాకు తెలుసు గదా.

2019లో నీళ్లు నిండాయి. కాలనీలో ఇల్లు కట్టుకున్నాం, కానీ ఏడాదిపాటు గుడి మెట్లెక్కలేదు. దేవుని మీద అలిగాను. పింఛను తెచ్చుకోవడం, పండుకోవడం, అంతే. కోడలు పెట్టింది తినేవాణ్ణి, ఏం తిన్నానో తెలిసేది కాదు.

ఒకనాడు మనుమరాలు, "తాతా, వరదవెల్లి దత్తాత్రేయుని దగ్గరికి పడవల పోదాం దా" అని చెయ్యి పట్టుకు లాగింది. చుట్టూ నీళ్లు, మధ్యన గుట్ట, గుట్ట మీద స్వామి. పడవ నడిపే అబ్బాయిది కూడా మునిగిన ఊరే. "ఇగో, మా బడి ఈడనే ఉండె" అని నీళ్లలోకి చూపాడు. పడవలోని వాళ్లంతా ఎవరి ఇల్లు వాళ్లు చూపసాగారు. నేనూ వేపచెట్టు దిక్కు చూపాను. ఊరు పోయినప్పటి నుంచి ఆమె పేరు బయటికి పలకడం అదే మొదటిసారి.

సద్దుల బతుకమ్మనాడు మా పిల్లలు బతుకమ్మలను ఆ నీళ్లలోనే వదులుతున్నారు. వెనుక ఊరి చెరువులో వదిలేవాళ్లు.

మొన్న పెత్రమాసనాడు కట్ట దగ్గరికి పోయి ఆమె పేరు మీద దోసెడు నీళ్లు వదిలాను. ఇంకో దోసెడు ఆ ముసలాయన భార్యకు వదిలాను. పేరు చెప్పి వదలాలి గదా, ఆమె పేరు నాకు తెలియదు. ఆనాడు అడగలేదు.

సెలవు.