కోతకు ముందు కాలేయానికి రేడియేషన్

కాలేయంలో క్యాన్సర్ గడ్డ పెద్దదైతే, కోసేశాక మిగిలే భాగం ఒంటికి చాలదేమోనని సర్జన్లు వెనకాడతారు. అలాంటి కొందరికి యిట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం అక్కరకొస్తుంది. గడ్డకు రక్తం ఎక్కువగా ధమని నుంచి, మంచి కాలేయానికి పోర్టల్ సిర నుంచి అందుతుంది. కిటుకంతా ఇక్కడే! తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం దూర్చి, యిట్రియం-90 ఉన్న, వెంట్రుక మందం కూడా లేని గాజుపూసలను ఆ ధమనిలోకి వదులుతారు. వాటి రేడియేషన్ సగటున 2.5 మిల్లీమీటర్లే పోతుంది. 64 గంటలకు దాని తీవ్రత సగమవుతుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ గడ్డ ఉన్న వైపు కుంచించుకుపోయి, రెండో వైపు పెరుగుతుంది. చాలినంత పెరిగితేనే ఆపరేషన్. అయితే పూసలు ఊపిరితిత్తుల్లోకి జారతాయేమో ముందే స్కాన్‌తో చూడాలి. కామెర్లు ముదిరినవారికి సాధారణంగా ఇది చెయ్యరు. డాక్టరుగారిని కలిసినప్పుడు, "కోశాక మిగిలే కాలేయం ఎంతండీ?" అని అడగండి.